చిల్లులున్న మట్టి మనుషులు

2010 జనవరి అనుకోండి. ఘనా దేశం ఉత్తరాన వాలేవాలే అనే ఊరు దాటి పడమటికి మళ్ళాం. తారురోడ్డు వెనకే ఉండిపోయింది. జీపు రేపే ఎర్రదుమ్ము ఒకటి, సహారా మీదుగా హర్మటాన్ గాలి మోసుకొచ్చే బూడిదరంగు దుమ్ము ఇంకొకటి. పొద్దెక్కినా సూర్యుడు మసకగానే ఉన్నాడు. పెదాలు పగిలిపోయాయి. నీళ్ళసీసా మూత తిప్పుతుంటే మరలో ఇసుక కరకరలాడుతోంది.

అయినా రావాల్సిన కాలం ఇదే. వానలు పట్టుకుంటే వైట్ వోల్టా, సిసిలి, కుల్పాన్ నదులు పొంగి ఈ దారినంతా ముంచేస్తాయి. ఇక్కడి ఊళ్ళకీ మిగతా దేశానికీ రాకపోకలు తెగిపోతాయి. అందుకే ఈ ప్రాంతాన్ని ఘనావాళ్ళు ‘ఓవర్సీస్’ అంటారు. అసలు సముద్రం ఇక్కడికి ఐదువందల కిలోమీటర్ల పైమాటే.

యిక్పబొంగోలో దిగాం. మట్టిగోడల ఇళ్ళు, గడ్డి కప్పులు, అక్కడక్కడా రేకులు. కోతలైపోయాయి, పొలాల్లో జొన్న మోళ్ళు మిగిలాయి. గినీ కోళ్ళు గుంపుగా అరుచుకుంటూ అడ్డం పరిగెత్తాయి. ఒక ఇంటి వెనక నేల కాస్త ఉబ్బెత్తుగా ఉంది. దానిమీద మేక నిలబడి మనల్నే చూస్తోంది. ఆ ఉబ్బే దిబ్బ. అలాంటివి ఈ చుట్టుపక్కల చాలా ఉన్నాయి. కొన్నిటి అంచున రాళ్ళు గుండ్రంగా పేర్చి ఉన్నాయి, కొన్నిటి మీద పైరు వేశారు. ఊరు దిబ్బల మధ్య ఉందో, దిబ్బలు ఊళ్ళో ఉన్నాయో తేల్చడం కష్టం. కాలు ఎక్కడ పెట్టినా పెంకు చప్పుడవుతుంది. వంగి ఒకటి తీసి చూడండి. తాడు అద్దినట్టు గీతలున్న కుండపెంకు. వెంటనే తీసినచోటే పెట్టేయండి, ఎందుకో కాసేపట్లో తెలుస్తుంది.

తవ్వకం జరిగే దిబ్బ దగ్గర పని అప్పుడే మొదలైంది. ఆక్రా పక్కన లెగాన్‌లో ఉన్న ఘనా విశ్వవిద్యాలయం నుంచి బెంజమిన్ కంక్‌పెయెంగ్ బృందం వచ్చింది. ఆయన 2006 నుంచీ ఇక్కడ తవ్విస్తున్నారు. మాంచెస్టర్ విశ్వవిద్యాలయం నుంచి టిమోతీ ఇన్సోల్ వచ్చి కలిశారు. మిగతా చేతులన్నీ ఊరివాళ్ళవే. నాలుగు మూలలా మేకులు కొట్టి దారం లాగారు. ఆ చదరం లోపల ఒకళ్ళు మోకాళ్ళ మీద కూర్చుని తాపీతో మట్టిని గీకుతున్నారు. తవ్వడమంటే గునపం ఎత్తి దించడమనుకుని వచ్చినవాళ్ళకి ఇది చూస్తే విసుగొస్తుంది. పొరపొరగా గీకడం, బ్రష్షుతో ఊడవడం, కొలవడం, గీసుకోవడం, ఫొటో తియ్యడం, మళ్ళీ గీకడం. వచ్చిన మట్టి తట్టలోకి, తట్టలోంచి జల్లెడలోకి. జల్లెడ పట్టేవాళ్ళ కనురెప్పల దాకా దుమ్మే.

పైపొరలో రాళ్ళు. ఊరికే పడ్డ రాళ్ళు కావు. తిరగేసి చూస్తే ఒకవైపు నున్నగా, మధ్యలో పల్లంగా అరిగి ఉన్నాయి. పిండి విసిరిన రాళ్ళు, వాటి మీద ఆడించే చేతిరాళ్ళు. తరాలపాటు ధాన్యం నూరి అరిగినవాటిని ఎవరో తెచ్చి ఇక్కడ బోర్లించారు. ఇంట్లో పనికొచ్చే వస్తువుని కావాలని నేలకి అప్పగించారు. ఈ సంగతి గుర్తుంచుకోండి.

మధ్యాహ్నానికి ముందు ఎవరో చెయ్యెత్తారు. అందరూ ఆగారు.

మట్టిలోంచి ఒక గడ్డం కనిపిస్తోంది. ముందుకి పొడుచుకొచ్చిన గడ్డం. తాపీ పక్కన పెట్టి వెదురుపుల్ల తీసుకున్నారు. ఇంకాస్త మట్టి పోయాక నోరు బయటపడింది, తెరిచిన నోరు. దాని పైన ముక్కు, రెండు రంధ్రాలూ విడివిడిగా గుచ్చి ఉన్నాయి. కళ్ళు ఉబ్బెత్తు వలయాల్లా అతికించారు. మెడలో హారం, ఛాతీ మీద అడ్డంగా పట్టీ, జబ్బకి కట్టిన చిన్న కత్తి. కత్తికి ఒర కూడా ఉంది. చేసినవాళ్ళు ఎక్కడా తొందరపడలేదు. కానీ మనిషి పోలిక కోసం ప్రయత్నించలేదు కూడా. తల పెద్దది, చేతులు పొట్టివి, నడుము కింద కాళ్ళకి బదులు మొనదేలిన మట్టిముద్ద. నేలలో గుచ్చి నిలబెట్టడానికే అలా చేశారు.

ఇప్పుడు నడినెత్తి చూడండి. అక్కడ ప్రమిదంత గుంట ఉంది. గుంట అడుగున సన్నటి చిల్లు. ఆ చిల్లు ఎక్కడికి పోతుందో పైనుంచి తెలియదు. దాన్నిండా మట్టి కూరుకుపోయి ఉంది. చెయ్యి ఆపుకోలేక పుల్లతో గుచ్చి శుభ్రం చేద్దామనిపిస్తుంది. వద్దు. ఈ బొమ్మలో అన్నిటికంటే విలువైనది ఆ కూరుకుపోయిన మట్టే.

సాయంత్రానికి ఒకటి కాదు, చాలా కనిపించాయి. ఈ జనవరి తవ్వకంలో మొత్తం 80 దాకా బయటపడతాయి. జానెడు ఎత్తువి, అరచేతిలో ఇమిడేవి. ఒకదానికి రెండు ముఖాలు, ఒకటి ముందుకీ ఒకటి వెనక్కీ. ఇంకొకటి మొసలి. మరొకటి గుర్రం మీద మనిషి. ఇక్కడి కోమా ప్రజల పేరుతో కోమా బొమ్మలని పిలిచే వీటిలో ఒంటె మీద మనుషులూ ఉన్నారు. చుట్టూ చూడండి, ఒంటె ఎక్కడైనా కనిపించిందా? ఒంటెలు తిరిగే ఎడారి అంచు ఇక్కడికి ఎంతో ఉత్తరాన ఉంది. చేసినవాళ్ళు ఒంటెని చూసైనా ఉండాలి, చూసినవాళ్ళ నోట వినైనా ఉండాలి. దారీ తెన్నూ లేని మూల అని మనం జీపులో తిట్టుకుంటూ వచ్చిన చోటు ఒకప్పుడు దార్ల మీదే ఉందన్నమాట. ఈ దిబ్బల్లో గాజుపూసలు, గవ్వలు కూడా దొరికాయి. గవ్వ ఈ నదుల్లో పుట్టేది కాదు. పడమటి ఆఫ్రికాలో చలామణీ అయిన గవ్వలు మన హిందూ మహాసముద్రం నుంచి, ముఖ్యంగా మాల్దీవుల వైపు నుంచి, అరబ్బు వర్తకుల చేతులు మారి, ఎడారి దాటి వచ్చినవి.

ఎంత పాతవి? క్రీస్తుశకం ఆరో శతాబ్దం నుంచి పద్నాలుగో శతాబ్దం దాకా అని కాలనిర్ణయ పరీక్షలు చెబుతున్నాయి. ఎనిమిది వందల ఏళ్ళు ఒకే తీరు పని సాగిందంటే అది ఒక కుమ్మరి సరదా కాదు. అప్పటికి ఇక్కడ ఇస్లాం లేదు, యూరప్ ఓడలు పడమటి తీరానికి ఇంకా రాలేదు.

బొమ్మల మధ్య ఒక కపాలం ఉంది. పక్కన కొన్ని పళ్ళు. వాటి దగ్గర మాటలు కాస్త తగ్గాయి. కపాలం దగ్గర పనిచేసే అతను టోపీ తీసి పక్కన పెట్టాడు. ఎండకే తీశాడేమో, నేనేమీ ఊహించను.

అసలు తగువు ఇక్కడే మొదలైంది. 1985లో ఘనా విశ్వవిద్యాలయానికే చెందిన జేమ్స్ అన్‌క్వాండా ఈ దిబ్బలు తవ్వినప్పుడు మనుషుల ఎముకలు, వాటి పక్కన ఇంత శ్రద్ధగా చేసిన బొమ్మలు కనిపించాయి. ఇవి సమాధులు, అదీ పేరున్నవాళ్ళ సమాధులు అని ఆయన అన్నారు. ఎవరైనా అదే అంటారు. ఎముక ఉంది, పక్కన విలువైన వస్తువు ఉంది, పైన దిబ్బ ఉంది. ఇంకేం కావాలి?

కంక్‌పెయెంగ్ బృందానికి అది పూర్తిగా సరిపోలేదు. మన ముందున్న గుంటనే చూడండి. కపాలం ఉంది, పళ్ళున్నాయి, మిగతా మనిషి లేడు. చనిపోయినవాణ్ణి తెచ్చి పడుకోబెట్టిన తీరు కాదిది. ఎక్కడో ఉన్న ఎముకల్లోంచి కొన్ని ఏరి తెచ్చి ఇక్కడ పెట్టినట్టుంది. బొమ్మల తీరూ అంతే. విరిగినవి ఎక్కువ. తల ఒకచోట, మొండెం లేదు. మొండెం ఒకచోట, తల ఎంత వెతికినా దొరకదు. దిబ్బ బరువుకి విరిగితే రెండో ముక్క పక్కనే ఉండాలి కదా. లేదు. అంటే విరిచి, ఒక ముక్కనే తెచ్చారు. రెండో ముక్క ఇంకెక్కడో ఇంకో పనికి వెళ్ళింది. నూరి నూరి అరిగిన రాయిని తెచ్చి బోర్లించినట్టే. ముక్కే వాళ్ళకి కావలసింది, అతికించి పూర్తిచేయాలని తహతహలాడేది మనం.

అందుకే ఈ దిబ్బల్లో కొన్నయినా సమాధులు కావనీ, గుళ్ళలాంటి చోట్లనీ, జబ్బుపడ్డవాళ్ళని తీసుకొచ్చిన వైద్యస్థలాలు కూడా అయుండొచ్చనీ వీళ్ళ వాదన. కొన్ని బొమ్మల్లో తల మెడమీద వెనక్కి తిరిగిపోయి ఉంటుంది. కొన్నిటి ఒంట్లో వైకల్యం కనిపిస్తుంది. రోగాన్ని బొమ్మలోకి దించారా, పూర్వీకుల్ని పిలిచారా, రెండూ ఒకటేనా? ఇన్సోల్ దీనికి ముందు ఇక్కడికి తూర్పున తోంగ్ కొండల్లో తాలెన్సీ ప్రజల ఆరాధనా స్థలాల మీద ఏళ్ళపాటు పనిచేశారు. అక్కడ ఈనాటికీ పూర్వీకుల స్థలం దగ్గర సజ్జపిండి కలిపిన నీళ్ళు పోస్తారు, కోడిని కోస్తారు, మందు కోసం వస్తారు. దేవుడూ వైద్యుడూ ఒకే గుమ్మం దగ్గర ఉంటారు. తాలెన్సీ వాళ్ళే ఈ బొమ్మలు చేశారని ఎవరూ అనడం లేదు. కానీ ఆ కొండ చూసి వచ్చినవాళ్ళ కంటికి నడినెత్తి మీది గుంట వేరేగా కనిపిస్తుంది. అది అలంకారం కాదు. అందులో ఏదో పోసేవారు.

ఏం పోశారో తెలుసుకోవాలంటే ఈ తవ్విన గుంటలోంచి కాసేపు లేచి మాంచెస్టర్ దాకా వెళ్ళాలి. కొన్ని బొమ్మల్ని అనుమతులతో అక్కడికి తీసుకెళ్ళి, మనకి తలదెబ్బ తగిలితే పడుకోబెట్టే సిటీ స్కాన్ యంత్రంలో పెట్టారు. తెరమీద మట్టి లోపలి భాగం పొరలు పొరలుగా వచ్చింది. పైకి కనిపించని దారులు బయటపడ్డాయి. నెత్తిమీది చిల్లు మెడలోంచి ఒంట్లోకి దిగుతోంది. ముక్కులోంచి ఒకటి, చెవిలోంచి ఒకటి, నోట్లోంచి ఒకటి. కుమ్మరి పచ్చిమట్టిలో పుల్ల గుచ్చి, జాగ్రత్తగా వెనక్కి లాగి, ఆ దారి పూడిపోకుండా ఆరబెట్టి కాల్చాడు. చూసేవాడికి కనపడని చోట ఇంత పని ఎవరు చేస్తారు? చూడటం కోసం చేయనివాడే చేస్తాడు. ఈ బొమ్మ చేత ఏదో తాగించేవారు.

తర్వాత ఆ చిల్లుల లోపలి నుంచి నమూనాలు తీసి డిఎన్ఏ పరీక్ష చేశారు. అరటి జాతి జాడ తగిలింది. గడ్డిజాతుల జాడ తగిలింది. పైన్ చెట్టు జాడ కూడా తగిలింది. అరటి ఆసియా నుంచి ఎప్పుడో ఆఫ్రికా చేరి స్థిరపడిన మొక్క, సరే. పైన్ మాత్రం ఈ సవన్నాలో పెరిగే చెట్టు కాదు. ఎడారికి ఆవల, మధ్యధరా వైపు చెట్టు. బంకో, బెరడో, ఏదో మందుదినుసుగా ఒంటెల మీద వచ్చిందా? ఒంటె బొమ్మ, గవ్వ, పైన్ మూడూ ఒకే దిక్కు చూపిస్తున్నాయి. ఇలాంటి చిన్న జాడల మీద పెద్ద మేడ కట్టకూడదు, నిజమే. కానీ వెయ్యేళ్ళ కిందటి చికిత్సలో ఏం కలిపారో తెలిసే దారి ఒకటైనా తెరుచుకుంది. అది తెరుచుకున్నది ఎవరూ ఆ గుంటని పుల్లతో గుచ్చి శుభ్రం చేయనందువల్ల.

మళ్ళీ దిబ్బ దగ్గరికి రండి. ఎండ వాలుతోంది. ఇప్పుడు పక్కనున్న ఇంకో దిబ్బ చూడండి. దాని నడుమ గుండ్రంగా గొయ్యి ఉంది, అంచుల్లో కుండపెంకులు చెల్లాచెదురుగా పడున్నాయి. దాన్ని దారం కట్టి ఎవరూ తవ్వలేదు. 1980లలో కోమా బొమ్మల పేరు బయటికి పొక్కాక కొనేవాళ్ళు వచ్చారు. కొనేవాళ్ళుంటే తవ్వేవాళ్ళుంటారు. కరువుసీమలో ఒక బొమ్మ ఎంతకి పోయినా పంట కంటే నయమే, ఆ గొయ్యి తీసిన రైతుని తిట్టడానికి నాకు నోరు రాదు. దాన్ని కొన్నవాడి సంగతి వేరు. వాడి ఇంట్లో బొమ్మ శుభ్రంగా కడిగి, మెత్తటి గుడ్డతో తుడిచి, కింద నల్లటి దిమ్మ బిగించి, దీపం కింద ఉంటుంది. అందంగానే ఉంటుంది. అరటీ లేదు, పైనూ లేదు, ఏ కపాలం పక్కన ఉందో, రెండో ముక్క ఎటు పోయిందో ఏ సంగతీ లేదు. చుట్టూ ఉన్న పెంకుల్ని కొనేవాడు కోరడు కాబట్టి తవ్వినవాడు విసిరేశాడు. దొంగిలించింది ఒక బొమ్మనే అనుకుంటాం కానీ నాశనమైంది దిబ్బంతా. మిమ్మల్ని ఇందాక పెంకు తీసినచోటే పెట్టేయమన్నది ఇందుకే.

చట్టం లేక కాదు. పాతవస్తువుల్ని అనుమతి లేకుండా దేశం దాటించకూడదని ఘనాలో 1969 నుంచే నిబంధన ఉంది. అంతర్జాతీయ మ్యూజియంల మండలి 2000లో ఆఫ్రికా వస్తువులకి సంబంధించి విడుదల చేసిన రెడ్ లిస్టులో నైజీరియా నోక్ బొమ్మలు, మాలీ జెన్నె బొమ్మలు, నైజర్ దేశపు బురా బొమ్మలతో పాటు కోమా బొమ్మల్నీ చేర్చింది. బురా మాత్రం శ్మశానమే. అక్కడ కాల్చిన మట్టిజాడీలు బోర్లించి వాటి నెత్తిన మనుషుల్నీ రౌతుల్నీ నిలబెట్టారు. అక్కడా ఇదే దోపిడీ కథ, ఇంకా పెద్ద ఎత్తున. జాబితాలు కొనేవాడి చేతిని కాస్త వెనక్కి లాగుతాయి. ఇక్కడి గొయ్యి పూడ్చవు.

ఊరి పెద్దలు కొందరు గట్టున కూర్చుని చూస్తున్నారు. ఈ బొమ్మల్ని వాళ్ళు పాతకాలపు పిల్లలంటారు. తాము చేశామని మాత్రం అనరు. కోమా ప్రజలు ఇక్కడికి తర్వాతి కాలంలో వచ్చినవాళ్ళు; వచ్చేసరికే దిబ్బలున్నాయి, బొమ్మలున్నాయి. చేసినవాళ్ళు ఎందుకు పోయారో, ఎటు పోయారో ఊరి కథల్లో లేదు. అయినా వాళ్ళకీ ఈ దిబ్బలకీ సంబంధం లేదనుకుంటే తప్పే. కుంకుడు గింజంత పూస కనిపించినా పిల్లలు పరిగెత్తుకొచ్చి చూపిస్తారు. ఎవరి పొలంలో ఏ దిబ్బ ఉందో, ఏ వానకి ఏ దిబ్బ అంచు కోసుకుపోయిందో వాళ్ళకి నోటికి వచ్చు. ఆక్రా నుంచి వచ్చిన పటం కన్నా వాళ్ళ మాటే ముందు.

2013లో వీటిలో కొన్ని ‘ఫ్రాగ్మెంటరీ యాన్సెస్టర్స్’ పేరుతో మాంచెస్టర్ మ్యూజియంలో ప్రదర్శనకి వెళతాయి. అరువు తీసుకెళ్ళినవి, తిరిగి ఘనాకే వస్తాయి. అక్కడ గాజుపెట్టె ముందు నిలబడ్డవాళ్ళు ముందుగా ఒంటి మీది కత్తినీ ముఖాల్నీ చూసి ఉంటారు. నేనైతే విరిగిన అంచులు చూడమంటాను.

గుంటలో ఇవాళ్టి పని ముగిసింది. తాపీలు తుడిచారు. నెత్తిమీద గుంట ఉన్న బొమ్మని నేలలో ఉన్నట్టే మూడువైపుల నుంచి గీసుకున్నారు, లోతు కొలిచారు, తీసి, కడగకుండా, దాని మట్టితోనే సంచిలో పెట్టి నంబరు రాశారు. చదరానికి ఒక పక్క మట్టిగోడని మాత్రం నిటారుగా వదిలేశారు. దాన్ని చూసి పొరల్ని చదువుతారు. ఆ గోడలోంచి ఒక మట్టి మోచెయ్యి బయటికొచ్చి కనిపిస్తోంది. లాగితే వచ్చేస్తుంది. లాగరు. దిబ్బలో సగం కూడా తవ్వరు. 1985లో అన్‌క్వాండా తవ్వినప్పుడు చిల్లులోని మట్టిలోంచి అరటిని వెతకొచ్చని ఎవరికీ తెలియదు. ఇంకో పాతికేళ్ళకి ఏ పరీక్ష వస్తుందో ఈ గుంటలో ఉన్నవాళ్ళకీ తెలియదు. అప్పటివాళ్ళ కోసం ఆ మోచేతినీ, దాని వెనక ఉన్న మిగతా సగాన్నీ మట్టిలోనే ఉంచి, పైన టార్పాలిన్ కప్పి, అంచులకి పిండిరాళ్ళు కాకుండా వేరే రాళ్ళు వెతికి పెట్టారు.